పాత జీపునకు వేరొక గేరుపెట్టె: మౌంటింగులు, గేరు రాడ్డు అమరిక

బరువు మీద గేరు తనంత తాను జారి వచ్చుచున్నదని రైతు చెప్పగానే మెకానిక్కు సామాన్యముగా గేరుపెట్టెను దింపి విప్పును. లోపలి పళ్ల చక్రములు, బేరింగులు, సింక్రో రింగులు మార్చును. ఖర్చు వేలలోనికి పోవును. బిగించిన పది దినములకు మరల అదే రోగము కనిపించును. ఇట్టి బండ్లు అనేకము కంపెనీ పెట్టెను తీసివేసి, వేరొక పెట్టెను పల్లెలోనో పట్టణపు షెడ్డులోనో ఎక్కించినవై యుండును. అప్పుడు లోపమును మొదట వెదుకవలసినది పెట్టె లోపల కాదు. పెట్టెను ఛాసీకి పట్టియుంచు మౌంటింగులలోను, చేతిలోని గేరు రాడ్డు మొదలు పెట్టెలోని ఫోర్కు వరకు పోవు అమరికలోను వెదుకవలెను.

వ్యవసాయాధికారికి జీపు గేరుపెట్టెతో ఏమి పని అని పాఠకులలో కొందరికి తోచవచ్చును. ఏజెన్సీలోను, కొండవారల మెట్టభూములలోను పనిచేసిన వారికి అట్లు తోచదు. అక్కడ పండించుట ఎంత పనియో, పండినదానిని సంతకు చేర్చుటయు అంత పనియే. ట్రాక్టరు ట్రైలరుతో తిరుగలేని ఇరుకు మలుపులలో నాలుగు చక్రములకు శక్తి అందు పాత జీపే ఎరువును, విత్తనమును, పంటను, ఒక్కొక్కప్పుడు రోగిని గూడ మోయుచున్నది. అట్టి బండి దిగుడులో గేరు వదలినచో నష్టపడునది పంట ఒక్కటే కాదు.

జీపు మన పల్లెలకు కొత్తది కాదు. యుద్ధమునకై 1941 నుండి అమెరికాలో విల్లీస్ కంపెనీ పెద్దయెత్తున తయారుచేసిన ఈ బండిని, స్వాతంత్ర్యము వచ్చిన పిదప మహీంద్రా వారు బొంబాయిలో కూర్చి అమ్మసాగిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు ఆఫీసు ముందర నిలిచిన జీపు గ్రామస్థులకు ప్రభుత్వపు గుర్తువలె నుండెడిది. ఆ పాత రకపు మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరుకు సింక్రో లేదు. బండి కదులుచుండగా మొదటి గేరు వేయుటకు చేతికి మంచి నేర్పు కావలెను. ఎగుడు మీద అది అందరికి సాధ్యము కాదు. పెట్రోలు ఖర్చు సరేసరి. అందుచేత పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేయుట, దానితోపాటు నాలుగు లేక ఐదు గేర్ల పెట్టె వేయుట చాలకాలముగా జరుగుచున్న పనియే.

చట్టము సంగతి ముందుగా చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఒక తీర్పులో ఈ సెక్షనును గట్టిగా నిలిపినది. ఇంజను మార్చదలచినవారు రవాణాధికారి అనుమతిని ముందుగనే పొందవలెను. పెట్టె మాత్రమే మార్చినను, రోడ్డు మీదికి తెచ్చుటకు ముందు రవాణా కార్యాలయమును, భీమా కంపెనీని వ్రాతమూలముగా అడిగి తెలిసికొనుట మేలు. ఛాసీ నంబరు చెక్కియున్న చోట కోయుట, వెల్డింగు పెట్టుట, రుద్దుట ఏ కారణముచేతను కూడదు. పాత జీపులలో కొన్ని ప్రభుత్వ వేలములలో కొన్నవి. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను కొనసాగించుట లేదు; అవి తుక్కుకు పోవలసినవే. కావున పాత బండిని కొనువారు ఇనుము చూచుటకు ముందు కాగితములు చూడవలెను. గ్రామాధికారులు ఈ మాట రైతుల చెవిని వేయుదురు గాక.

ఇంజనుకు, పెట్టెకు నడుమ పలక

వేరు కంపెనీ పెట్టెను ఇంజనుకు కలుపుటకు నడుమ ఉక్కు లేక అల్యూమినియము పలక ఒకటి కావలెను. దానికి ఒక వైపు ఇంజను బోల్టుల వరుస, రెండవ వైపు పెట్టె బోల్టుల వరుస. చూచుటకు సులువైన పనియే. కాని పెట్టెలోనికి పోవు షాఫ్టు ముందు కొస, క్రాంకు చివరనున్న పైలట్ బుష్షులో తిరుగును. క్రాంకు, ఆ షాఫ్టు రెండును ఒకే గీత మీద నుండవలెను. క్రాంకుకు డయలు గేజిని కట్టి, చుట్టును తిప్పుచు, పెట్టె కూర్చుండు రంధ్రపు అంచును కొలిచినప్పుడు ముల్లు చూపు మొత్తము తేడా 0.13 మిల్లీమీటరు, అనగా అంగుళములో వెయ్యింట ఐదు వంతులు మించరాదని పని తెలిసినవారి లెక్క. చేతి డ్రిల్లుతో గుర్తుపెట్టి తొలిచిన పలకకు ఈ కొలత రాదు. లేతు మీద నడిమి రంధ్రము కోయించి, దానినుండియే బోల్టుల రంధ్రములను కొలిపించి, రెండు డోవెల్ పిన్నులు వేయించవలెను. బోల్టులు బిగించుటకే గాని స్థానము నిలుపుటకు కావు. స్థానము నిలుపునవి ఆ పిన్నులు. ఇక్కడ ఆదాచేసినవాడు తరువాత క్లచ్చి ప్లేట్లు కొనుచుండును.

మౌంటింగు మోయునది బరువు మాత్రమే కాదు

పల్లె షెడ్డులలో మౌంటింగును గురించి ఒక పొరపాటు అభిప్రాయము ప్రబలియున్నది. ఇంజను, పెట్టె కలిసి రమారమి 270 కిలోలు తూగును, ఆ బరువుకు తగిన ఇనుము వేసినచో చాలునని తలంతురు. బరువు మోయుట చిన్న పని. బండి బురదలో నుండి పైకి లేచునప్పుడు ఏమి జరుగునో లెక్క వేసి చూతము.

ఇంజను తిప్పు బలము 12 కిలోగ్రాము-మీటర్లు అనుకొందము. మొదటి గేరులో అది మూడున్నర రెట్లయి 42 అగును. జీపులో పెట్టె వెనుక నున్న రెండవ పెట్టెను, అనగా ఫోర్ వీలు పెట్టెను, లో గేరులో వేసినచో ఇంకను రమారమి రెండున్నర రెట్లు పెరిగి 105 అగును. ప్రొపెల్లరు షాఫ్టులను ఆ బలముతో ఒకవైపునకు తిప్పునప్పుడు, అంత బలముతోనే ఇంజను, పెట్టె కలిసి రెండవ వైపునకు తిరుగజూచును. దానిని ఆపునవి ఇంజనుకు ఇరుప్రక్కల నున్న మౌంటింగులు. వాని నడుమ దూరము అర మీటరైనచో, ఒక ప్రక్క 210 కిలోల బలము పైకి, రెండవ ప్రక్క 210 కిలోల బలము క్రిందికి పడును. మామూలుగా ఒక్కొక్క ముందు మౌంటింగు మీద 90 కిలోల బరువున్నదనుకొన్నను, ఒక ప్రక్క బరువు పోయి ఇంకను 120 కిలోల లాగుడు మిగులును. డ్రైవరు సీటులో కూర్చుండి ముందుకు చూచినచో, ముందు గేర్లలో పైకి లేచునది ఎడమ ప్రక్క. వెనుక గేరులోను, దిగుడులో ఇంజను బండిని పట్టియుంచునప్పుడును లేచునది కుడి ప్రక్క. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. గేరు రాడ్డు దగ్గర దీనితో మరల పని పడును.

కావున రెండు రేకుల నడుమ రబ్బరును అతికించి, రబ్బరు అతుకే ఆధారముగా నుండు మౌంటింగు ఇట్టి బండికి చాలదు. రబ్బరు తెగినను ఇంజను పైకి లేవకుండ నిలువునా బోల్టు పోయి, పైనను క్రిందను రబ్బరు, ఆ పైన వెడల్పు వాషరు ఉన్న రకము వేయవలెను. లారీ టైరు ముక్కలు కోసి పెట్టుట కొందరికి అలవాటు. టైరులో నున్న నైలాను పొరల వలన ఒక ముక్క గట్టిగను, ఒక ముక్క మెత్తగను ఉండును. రెండు ప్రక్కలు ఒకే తీరున నలుగవు. ఒక్క పూట బండిని ఇంటికి చేర్చుకొనుటకు పనికివచ్చును గాని అంతకు మించి కాదు. రబ్బరుకు నూనె, వేడి రెండును శత్రువులు. ఇంజను నూనె కారు చోటున, సైలెన్సరు గొట్టము ప్రక్కన మౌంటింగు పెట్టరాదు; తప్పనిసరియైనచో నడుమ రేకు అడ్డము కట్టవలెను.

మౌంటింగులు ఎన్ని? మూడు చాలును: ముందర రెండు, వెనుక పెట్టె క్రింద ఒకటి. నాలుగు మూలల గట్టిగా బిగించినచో బలమని తోచును గాని, గట్టు ఎక్కునప్పుడు ఒక చక్రము పైకి, ఒక చక్రము పల్లమునకు పోగా జీపు ఛాసీ మెలితిరుగును. అది మెలితిరుగుటకే నిర్మింపబడినది. నాలుగు మూలల పట్టియున్న పెట్టెను గూడ అది తనతో మెలిపెట్టును. పోత ఇనుము మెలితిరుగదు, పగులును. పెట్టె చెవి విరిగినదని వచ్చు బండ్ల క్రింద దూరి చూచినచో, రబ్బరు లేకుండ ఇనుముకు ఇనుము బిగించిన నాలుగవ మౌంటింగు తరచుగా కనబడును.

వెనుక మౌంటింగు కూర్చుండు అడ్డకమ్మీని, అనగా క్రాసు మెంబరును, వెల్డింగు పెట్టి ఛాసీకి కలుపరాదు. క్లచ్చి ప్లేటు మార్చవలసిన ప్రతిసారి దానిని దింపవలెను గదా! 50 మి.మీ. చదరపు గొట్టముతోనో, 6 మి.మీ. పలకను మడిచియో చేయించి, బోల్టులతో బిగించవలెను. చదరపు గొట్టములో బోల్టు పోవు చోట లోపల చిన్న గుండ్రని గొట్టము నిలువునా పెట్టి వెల్డింగు చేయింపవలెను. లేనిచో బిగించిన కొలది చదరపు గొట్టము నలుగును, బోల్టు ఎన్నటికిని బిగియదు. ఛాసీ చానెలుకు రంధ్రము నిలువు ముఖము నడుమ వేయవలెను. పై అంచున, క్రింది అంచున వేసినచో పగులు అచ్చటినుండి మొదలగును. బోల్టు తల మీద 8.8 అని ముద్ర ఉన్నవే కొనవలెను. తూకమునకు అమ్ము ముద్రలేని బోల్టులు పందిరి కట్టుటకు బాగుండును. అడ్డకమ్మీ ఛాసీ అడుగునకు దిగి వ్రేలాడరాదు. మన పొలము గట్లు, బండి జాడల నడుమ ఎత్తులు మొదట తగులునది దానికే.

పని వరుస ఇది. ఇంజనును, పెట్టెను వాని స్థానములో జాకీల మీద నిలిపి, రబ్బర్లు వేసి, బరువు రబ్బర్ల మీద పడనిచ్చి, అప్పుడు బ్రాకెట్లకు చుక్క వెల్డింగు మాత్రము పెట్టవలెను. బరువు పడని రబ్బరు మీద కొలిచిన కొలత తరువాత కొన్ని మిల్లీమీటర్లు దిగును. చుక్కలు పెట్టిన బ్రాకెట్లను విప్పి బయటికి తీసి, మూలలకు త్రికోణపు పలకలు అమర్చి, ఒక వైపు కొంత, రెండవ వైపు కొంతగా పూర్తి వెల్డింగు చేయింపవలెను. ఒకే వైపు పెట్టుకొని పోయినచో వేడికి ముక్క గుంజుకొనును. బండి మీదనే వెల్డింగు తప్పనప్పుడు బ్యాటరీ, డైనమో లేక ఆల్టర్నేటరు తీగలు విప్పి, ఎర్తు క్లాంపును వెల్డింగు చేయు చోటు ప్రక్కనే తగిలించవలెను. దూరముగా తగిలించినచో కరెంటు పెట్టె బేరింగుల గుండ పోయి, గుండ్లకు, వాని దారులకు మచ్చలు పెట్టును. ఆ మచ్చలు నెల తరువాత మ్రోతగా వినిపించును, కారణము ఎవరికి తట్టదు.

ప్రొపెల్లరు షాఫ్టు కోణములు

క్రొత్త పెట్టె 10 సెంటీమీటర్లు పొడవైనచో, దానితో ఫోర్ వీలు పెట్టె అంత వెనుకకు జరుగును. వెనుక షాఫ్టు అంత తగ్గును, ముందు షాఫ్టు అంత పెరుగును. జీపులో వెనుక షాఫ్టు మొదటినుండియు పొట్టిది. ఇంకను తగ్గినచో వాలు ఎక్కువగును, క్రాసులు త్వరగా అరుగును. పెట్టె నుండి వెలికి వచ్చు షాఫ్టు, వెనుక ఇరుసులోనికి పోవు షాఫ్టు ఒకదానికొకటి సమానాంతరముగా నుండవలెను. తేడా ఒక డిగ్రీకి మించరాదు. ఒక క్రాసు వలన కలుగు హెచ్చుతగ్గు వేగమును రెండవ క్రాసు సరిదిద్దవలెనన్న రెండు కోణములు సమానముగా నుండుట ఒక్కటే మార్గము. కొలుచుటకు పెద్ద పరికరము అక్కరలేదు. నేడు సెల్‌ఫోనులో వాలు చూపు సదుపాయము గలదు, దానిని ఫ్లాంజి ముఖమున ఆనించి చూడవచ్చును. మౌంటింగు క్రింద పలుచని పలకలు వేసియో తీసియో సరిచేయవలెను. కోసి అతికిన షాఫ్టును లేతు షాపులో తూకము సరిచూపక బిగించరాదు. రెండు చివరల క్రాసుల చెవులు ఒకే వరుసలో నిలువవలెను.

గేరు రాడ్డు

ఇంతవరకు చెప్పినది సరిగా చేసినవారు గూడ ఇక్కడ తడబడుదురు. అరకు, పాడేరు ప్రాంతమున కాఫీ, మిరియాలు, పసుపు పండించు రైతు ఒకాయన జీపునకు ఐదు గేర్ల పెట్టె వేయించుకొనెను. పాడేరు ఘాటు దిగునప్పుడు, రెండవ గేరులో, ఆరు పసుపు బస్తాలు, నలుగురు మనుషులు ఎక్కియుండగా గేరు జారెను. బండి తటాలున స్వేచ్ఛగా పరుగెత్తెను. కుర్రవాడు బ్రేకు త్రొక్కి, లోయ వైపునకు పోనీయక, కొండ వైపు కాలువలోనికి త్రిప్పి ఆపెను. దెబ్బలతో పోయినది. అప్పటికే పెట్టెను రెండు మారులు విప్పియుండిరి.

"పళ్లు ఒక్కటీ అరగలేదు బాబూ. ఎగుడులో ఎంత లాగినా నిలుస్తుంది. దిగుడులోనే వదిలేస్తోంది" అని మేస్త్రీ నాతో అనెను.

"పెట్టెకు దయ్యం పట్టిందంటున్నారండి మావాళ్లు" అని రైతు నవ్వెను గాని, ఆ నవ్వులో సంతోషము లేదు.

ఎగుడులో నిలిచి దిగుడులో వదలుచున్నదన్న మాటలోనే కారణము దాగియున్నది. క్రొత్త పెట్టె మీద రాడ్డు వచ్చు చోటు డాష్‌బోర్డు క్రిందికి పోయినది. అందుచే రాడ్డును సీట్ల నడుమకు తెచ్చి, దాని పీఠమును నేల రేకునకు బోల్టులతో బిగించి, అక్కడినుండి పెట్టె వరకు ఒక ఇనుప కడ్డీ నడిపిరి. పెట్టె రబ్బర్ల మీద ఊగును, నేల రేకు ఊగదు. రబ్బరు ఒక్కొక్క ప్రక్క 5 మి.మీ. కదలినచో, అర మీటరు వెడల్పున నున్న మౌంటింగుల మీద, పెట్టె నడిమి గీతకు 30 సెం.మీ. పైన నున్న చోటు 6 మి.మీ. ప్రక్కకు పోవును. పెట్టె ఒరిగినప్పుడు కడ్డీ మెలితిరుగును. ముందుకు వెనుకకు జరిగినప్పుడు కడ్డీ లాగబడును. ఫోర్కు ఒక గేరు నుండి తటస్థమునకు వచ్చుటకు కావలసిన నడక రమారమి 10 మి.మీ. మాత్రమే. ఆ నడకలో కొంత ఎగుడులో కలిసివచ్చి గేరును ఇంకను లోనికి నొక్కెను. దిగుడులో ఇంజను రెండవ ప్రక్కకు ఒరిగి, గేరును బయటికి లాగెను. చేయి వేసినవాడు లేడు, పెట్టెయే తన గేరును తాను తీసికొనెను.

మందు సులభమైనది. రాడ్డు పీఠమును నేల రేకు నుండి విప్పి, పెట్టె వెనుక భాగమునుండి ముందుకు చాచిన బ్రాకెట్టు మీద కూర్చుండబెట్టితిమి. ఇప్పుడు పెట్టె ఊగినచో పీఠము, కడ్డీ, రాడ్డు అన్నియు కలిసి ఊగును. వాని నడుమ దూరము మారదు. డ్రైవరు చేతికి రాడ్డు కొంచెము వణకుట తెలియును, అంతియే. 6 మి.మీ. పలక ముక్కలు, నాలుగు బోల్టులు, రెండు రాడ్ ఎండ్లు, ఒక పూట వెల్డింగు పని. పెట్టె విప్పుటకు వారు అంతకు ముందు పెట్టిన డబ్బులో పదవ వంతు గూడ కాలేదు.

కావున మొదటి నియమము ఇది: రాడ్డు పీఠము పెట్టెకే చెందవలెను గాని, బాడీకి గాదు. స్థలము లేక బాడీకే బిగించవలసి వచ్చినచో, పెట్టెకు పీఠమునకు నడుమ రెండు చివరల రబ్బరు లేక బంతి కీలు గల రెండవ కడ్డీ ఒకటి వేసి దూరమును నిలుపవలెను. పీఠము గూడ దానితో జరుగుటకు వీలుగా రబ్బరు మీద నుండవలెను. త్రోయుటకు లాగుటకు పనికివచ్చు గట్టి కేబుళ్లు రెండు వేయుట ఇంకొక మార్గము. కేబులు వంగును గనుక పెట్టె ఊపును సహించును. అయితే పొరకు రెండు చివరల గట్టి పట్టు, పెద్ద వంపులు, దుమ్ము దూరకుండ తొడుగు కావలెను. మన ఎర్రమట్టి దారులలో తొడుగు చినిగిన కేబులు ఒక్క వానాకాలము దాటుట కష్టము. నా మట్టుకు కడ్డీయే మేలనిపించును. చెడినచో సంతలోని వెల్డరు గూడ బాగుచేయగలడు.

పెట్టె మీది రాడ్డు కావలసిన చోటికి జానెడు దూరములోనే ఉన్నచో కడ్డీలు, కేబుళ్లు ఏవియు వద్దు. రాడ్డును పెట్టె నుండి పూర్తిగా ఊడదీసి, కాల్చి, వంచి పెట్టుకొనుట అన్నింటికంటె మంచిది. పెట్టె మీద ఉండగా కాల్చినచో లోపలి స్ప్రింగు, ప్లాస్టికు గిన్నె పోవును. నాగలి దున్నువారికి మేడి పొడవు సంగతి చెప్పనక్కరలేదు. ఇచ్చటను అదే లెక్క. బంతికి క్రింద 4 సెం.మీ., పైన 32 సెం.మీ. ఉన్న రాడ్డు ఎనిమిది రెట్లది: ఫోర్కు 10 మి.మీ. నడచుటకు చేయి 80 మి.మీ. నడచును. పైభాగమును 48 సెం.మీ. చేసినచో చేయి 120 మి.మీ. నడువవలెను, చేతికి తేలికగా నుండును గాని సీటుకో డాష్‌బోర్డుకో తగులును. పొడుగు రాడ్డుకు లావు పిడి తగిలించినచో గోతులలో ఆ బరువే ఊగి గేరును లాగును. పెట్టెలో గేరును నిలుపునది చిన్న గుండు, దాని వెనుక ఒక స్ప్రింగు. వానికి అంత బలము లేదు.

కడ్డీల అమరికలో ప్రతి కీలు వదులు కూడిపోవును. మూడు కీళ్లలో ఒక్కొక్కటి అర మిల్లీమీటరు వదులైనచో, 10 మి.మీ. నడకలో ఒకటిన్నర మిల్లీమీటరు పోయినది. గేరు పళ్లు పూర్తిగా కలియవు, సగము పట్టుతో నడచి కొసలు గుండ్రపడును. ఆ తరువాత నిజముగనే పెట్టె చెడును. కావున బోల్టునే ఇరుసుగా వాడక, ఇత్తడి బుష్షు వేసి గ్రీజు నిపిల్ పెట్టించవలెను. లేక మంచి రాడ్ ఎండ్లు వాడవలెను. కడ్డీకి ఒక చివర కుడి మర, రెండవ చివర ఎడమ మర వేయించి, లాకు నట్టులు పెట్టినచో కడ్డీని తిప్పి పొడవు సరిచేసికొనవచ్చును. ఇతర గేర్లను వేయబోయి వెనుక గేరు పడకుండ స్ప్రింగు అడ్డము తప్పక ఉండవలెను. పెట్టెలోనే ఆ అడ్డమున్నచో రాడ్డు దానిని దాటించు విధము చెడనీయరాదు.

ఇంకొక చిన్న సంగతి కలదు. నేల రేకులో రాడ్డు వచ్చు రంధ్రము ఇరుకైనచో, గేరు పూర్తిగా పడకముందే రాడ్డు రేకు అంచుకు తగులును. డ్రైవరుకు గేరు పడినట్లే తోచును. జారు గేరు మూడవదో ఐదవదో ఒక్కటే అయినచో, స్పానరు పట్టుటకు ముందు ఆ రబ్బరు తొడుగు ఎత్తి అంచున మెరుపు గీత ఉన్నదేమో చూడవలెను. ఫోర్ వీలు పెట్టెకు గల చిన్న రాడ్లకు గూడ ఇదియే వర్తించును.

క్లచ్చి సంగతియు దీనివంటిదే. క్లచ్చి కడ్డీ ఒక చివర ఛాసీకి, ఒక చివర పెట్టెకు ఆధారపడినచో, ఇంజను కదలినప్పుడెల్ల క్లచ్చి కొంచెము పట్టి కొంచెము వదలి, బండి బెదరిన ఎద్దువలె దుముకుచు కదలును. పాత మిలిటరీ జీపులలో ఇంజను ముందుకు వెనుకకు జరుగకుండ ఒక స్టే తీగ ఉండెడిది; దానిని పనికిరానిదని తీసి పారవేసిన షెడ్లు అనేకము. క్లచ్చికి హైడ్రాలిక్ సిలిండరును బెల్ హౌసింగుకే బిగించినచో ఈ బాధ తీరును.

పరీక్షించు విధము

ఇంజను ఆపి, ఒకరు అన్ని గేర్లు వేయుచుండగా ఒకరు ప్రక్కనుండి చూడవలెను. తరువాత ఒక గేరులో ఉంచి, గడ్డపారతో ఇంజనును ఇరుప్రక్కలకు నెమ్మదిగా ఒత్తవలెను. రాడ్డు పెట్టెతో కలిసి కదలినచో మంచిదే. పెట్టె కదలగా రాడ్డు ఉన్నచోటనే నిలిచి కడ్డీ లాగబడినచో, ఆ బండి దిగుడులో గేరు వదలును. చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టి, చేతి బ్రేకు వేసి, మొదటి గేరులో క్లచ్చిని కొంచెము మాత్రము వదలుచు, ఆ తరువాత వెనుక గేరులో అట్లే చేయుచు, ఇంజను ఎంత ఒరుగుచున్నదో బానెట్టు ఎత్తి ప్రక్కనుండి చూడవలెను. ఆ సమయమున బండి ముందర గాని, వెనుక గాని, క్రింద గాని మనిషి ఉండరాదు. ఫ్యాను రేడియేటరుకు, సైలెన్సరు గొట్టము ఛాసీకి, ఏదియు బ్రేకు పైపునకు తగులరాదు.

పిమ్మట సొంత పొలములో ఖాళీ బండితో నడిపి, ఇసుక బస్తాలు వేసి నడిపి, చివరకు చిన్న దిగుడులో రెండవ గేరున, యాక్సిలరేటరు మీద కాలు తీసి దింపి చూడవలెను. ఎగుడు పరీక్ష ఒక్కటి చాలదని పైన చెప్పిన ఉదాహరణమే తెలుపుచున్నది. రాడ్డు పిడి మీద చేయి వేయరాదు. చేయి వేసినచో అది జారునో లేదో తెలియదు. మనుషులను ఎక్కించుట ఆ తరువాతనే.

క్రొత్త రబ్బర్లు మొదటి దినములలో కొంత దిగును. అందుచేత 100 కిలోమీటర్లు నడచిన పిదప మౌంటింగు బోల్టులు, అడ్డకమ్మీ బోల్టులు, పలక బోల్టులు, కడ్డీ లాకు నట్టులు మరల బిగించి, వాని మీద పెయింటుతో ఒక అడ్డగీత గీయవలెను. ప్రతి వానాకాలమునకు ముందు బండి క్రింద దూరి ఆ గీతలు తెగకుండ ఉన్నవో లేవో చూచి, బుష్షులకు గ్రీజు కొట్టించినచో చాలును.